అప్పగించడమైనది

మా ఓడల కంపెనీ పొత్తులతో పెరిగింది. కాయితాల్లో జాయింట్ వెంచర్ అని ఉండేది. ఆఫీసులో అందరం పొత్తు అనేవాళ్ళం. కంపెనీ పెట్టిన పెద్దాయనకి సొంతంగా ఉన్నవి నాలుగు ఓడలు, ఓడల్ని రేవులోకి లాగే టగ్గులు కొన్ని. వాటితోనే ముప్ఫై ఏళ్ళు నెట్టుకొచ్చాడు. తర్వాత కూతురికి పెళ్ళి చేసి, అల్లుణ్ణి తెచ్చి ఆఫీసులో కూర్చోబెట్టాడు. అల్లుడుగారు మూడేళ్ళలో మూడు దేశాలతో పొత్తు కుదిర్చాడు.

మొదటిది ఒక నది సముద్రంలో కలిసేచోట. వాళ్ళకి జెట్టీ ఉంది, టగ్గులు లేవు. మనం టగ్గులిచ్చాం. రెండోది ఒక దీవిలో కంటెయినర్ల యార్డు. వాళ్ళు నేల ఇచ్చారు, మనం క్రేన్లూ, వాటిని నడిపే మనుషుల్నీ ఇచ్చాం. మూడోది అన్నిటికన్నా పెద్దది. ఐదు సరుకు ఓడలు. సగం మనవి, సగం వాళ్ళవి. అంటే రెండున్నర ఓడలని కాదు, ప్రతి ఓడలోనూ సగం. పొగగొట్టానికి సగం నీలం, సగం పసుపు వేయాలని ఒప్పందంలో రాసుకున్నారు. నీలం మనది. నీలం ముందువైపు ఉండాలా, వెనకవైపు ఉండాలా అని పదకొండు రోజులు ఉత్తరాలు నడిచాయి. ఆ ఓడ పోయి దేన్నైనా గుద్దితే ఎవరు చూసుకోవాలని మాత్రం ఎవరూ అడగలేదు.

నేను నావికుల విభాగంలో గుమస్తాని. ఒక కౌంటరు, దాని వెనక నేను, నా వెనక ఇనప బీరువా. ఎవరు ఏ ఓడ ఎక్కారు, ఎప్పుడు దిగాలి, ఎవరి సర్టిఫికెట్టుకి ఎప్పుడు గడువు తీరుతుంది, అన్నీ నా పట్టీలో ఉండేవి. కౌంటరు ముందు హాల్లో పొడుగాటి బెంచీలు. పని కోసం వచ్చినవాళ్ళు పొద్దుటినుంచీ అక్కడ కూర్చునేవాళ్ళు.

ఊరి బడిలో పదో తరగతి వరకు చదివాను. అంతకు మించి లేదు. కానీ తెలుగు తప్పుల్లేకుండా రాస్తానని ఆఫీసులో పేరు. మా మాస్టారు బెత్తం పెట్టి నేర్పిన రాత అది. నోటితో మాట్లాడే మాట కలంలోంచి రాకూడదని ఆయన పట్టు. 'అయింది' అని రాస్తే దెబ్బ పడేది. 'అయినది' అని రాయాలి. నలభై ఏళ్ళ తర్వాత కూడా నా చెయ్యి 'అయినది' అనే రాసేది.

మూడో పొత్తు ఓడలకి మన మనుషుల్ని పంపేముందు కొత్త కాయితం ఒకటి వచ్చింది. పైన లాయర్లు వాళ్ళ భాషలో రాశారు. సంతకం పెట్టేవాడికి అర్థం కావాలి కాబట్టి కింద తెలుగులో కూడా ఉండాలన్నారు. ఆఫీసులో పండితుణ్ణి నేనేనంటూ అల్లుడుగారు ఆ పని నాకిచ్చి, సాయంత్రానికి కావాలన్నాడు. లాయరు దగ్గర పనిచేసే ఆయన కౌంటరు దగ్గరికొచ్చి విషయం చెప్పాడు. ఈ మనుషులు మన కంపెనీ మనుషులే. పొత్తు కంపెనీ వాడుకోవడానికి ఇస్తున్నాం. పనయ్యాక మళ్ళీ మనమే తీసుకుంటాం.

దీనికి మా ఊళ్ళో మాట ఉంది. ఎరువు. పార, నిచ్చెన, పెద్ద గిన్నె, ఏదైనా పక్కింటివాళ్ళకి ఎరువిస్తాం. పని కాగానే అడిగి తెచ్చుకుంటాం. ఇచ్చిన వస్తువు మనదేనని ఇద్దరికీ తెలుసు. 'ఎరువిచ్చినాము' అని రాసి చూశాను. నాటుగా ఉంది. హాల్లో వాళ్ళు పొలంలో చల్లే ఎరువు అనుకుని నవ్వుతారనిపించింది. కొట్టేశాను. 'పైన పేర్కొన్న నావికుని సంయుక్త సంస్థకు అప్పగించడమైనది' అని రాశాను. సంతకం చోట 'ఇందుకు సమ్మతించితిని' అని పెట్టాను. మళ్ళీ తీసుకోవడం గురించి ఒక ముక్క కలిపి చూస్తే వాక్యం చివర తోకలా వేలాడింది. అది కూడా తీసేశాను. చదువుకుంటే నాకే ముచ్చటేసింది.

రెండు భాషల్లో ఉన్నదీ సమానంగా చెల్లుతుందని కాయితం అడుగున లాయర్లు ఒక వాక్యం రాసి ఉంచారు. అది నాకు రాని భాషలో ఉంది.

యాభైమూడు మంది సంతకాలు పెట్టారు. అందులో నా బావమరిది ఒకడు. వాడు సరంగు, అంటే ఓడలో డెక్కు మీద పనిచేసేవాళ్ళకి పెద్ద. నా భార్యకి ఒక్కడే తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడికి రెండేళ్ళు, ఈవిడకి పన్నెండు. చంకనేసుకుని పెంచింది. మాకు పిల్లలు లేరు. వాడికి పెళ్ళి మీద ధ్యాస లేదు. ఓడ దిగితే మా ఇంటికే వచ్చేవాడు. కాయితం చేతిలో పట్టుకుని వాడు హాలంతా వినబడేలా చదివాడు.

"అప్పగించడమైనదా? అంటే మమ్మల్ని అత్తారింటికి పంపేస్తున్నావా బావా? మరి ఒక్కళ్ళూ ఏడవరేం?"

హాలు హాలంతా నవ్వింది. ఒకడు నిజంగానే కళ్ళు తుడుచుకున్నట్టు నటించాడు. నేనూ నవ్వాను.

ఎనిమిదో నెలలో వాడి ఓడ ఒక పరాయి రేవులో జెట్టీని గుద్దింది. మనుషులెవరూ పోలేదు. జెట్టీ మూల విరిగి నీళ్ళలో పడింది. బాగుచేసి ఇచ్చేదాకా ఓడ కదలడానికి వీల్లేదని ఆ రేవువాళ్ళు కోర్టుకెక్కారు. నడిపింది మీ కెప్టెన్ కాబట్టి మీరే చూసుకోవాలని పసుపువాళ్ళు రాశారు. చుక్కాని చెడిపోయిందని, దాన్ని చూసుకునే పని మీదని నీలంవాళ్ళు రాశారు. రెండు నెలలు తిరిగేసరికి పొత్తే విరిగింది. పసుపువాళ్ళు తమ మనుషుల్ని విమానమెక్కించి తీసుకుపోయారు. మనవాళ్ళు పదిహేను మంది మిగిలారు. ఓడ జెట్టీకి దూరంగా లంగరు మీద ఉంది. నూనె లేదు, దీపాల్లేవు. వారానికోసారి పడవలో తాగునీళ్ళు, తిండి వచ్చేవి. చివరికి ఆ రేవులో నావికుల మంచిచెడ్డలు చూసే సంఘం ఒకటి పూనుకుని పద్నాలుగు మందిని ఇళ్ళకి పంపింది.

పద్నాలుగు మందినే. ఖాళీ ఓడని లంగరు మీద వదలకూడదు. యజమాని ఎవరో తేలేదాకా పూచీ పడి ఒక మనిషి ఓడ మీద ఉండాలని కోర్టు చెప్పింది. కెప్టెన్‌తో సహా అందరికీ పెళ్ళాం పిల్లలున్నారు. నా బావమరిది చెయ్యెత్తాడు. నెలలో అయిపోతుందన్నారట. వాడి పాస్‌పోర్టు కోర్టువాళ్ళు తీసుకున్నారు.

ఆ నెల అలా సాగుతూనే ఉంది. ఈలోగా నా భార్యకి జబ్బు చేసింది. కాలేయం. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి మూడు నెలలన్నాడు. ఆవిడకి చెప్పలేదు. ఆవిడే నా మొహం చూసి తెలుసుకుంది. ఆ తర్వాత ఆవిడ అడిగింది ఒక్కటే. తమ్ముణ్ణి చూడాలి. వాడు ఆదివారాలు ఫోన్ చేసేవాడు. ఓడ ముందుకొసకి వెళితేనే సిగ్నలు అందేది. ఆవిడ మాట్లాడేది, నవ్వేది కూడా. ఫోన్ పెట్టేశాక, గొంతు వింటే చాలదండీ అనేది.

అల్లుడుగారి గదికి వెళ్ళాను. వినయంగా చెప్పాను. ఆయన కూడా మర్యాదగానే విన్నాడు. కుర్చీ చూపించాడు. బీరువాలోంచి కాయితం తెప్పించి, నా వైపు తిప్పి బల్ల మీద పెట్టాడు. కింద నా వాక్యం మీద వేలు పెట్టాడు.

"ఇది రాసింది మీరేగా? అప్పగించడమైనది. అతను సమ్మతించితిని అని సంతకం పెట్టాడు. ఇక అతను మా మనిషి ఎలా అవుతాడు చెప్పండి?"

పైన అలా లేదని, ఎరువివ్వడమని లాయరుగారి మనిషే నాకు చెప్పాడని అన్నాను. ఎరువు అన్న మాట ఆయనకి తెలియదు. వివరించాల్సొచ్చింది. నిచ్చెన సంగతి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. రెండూ చెల్లుతాయి కాబట్టి ఏది అనుకూలమైతే అది చూపిస్తామని, మీరేమనుకుని రాశారో కాయితానికి తెలియదని అన్నాడు. నేను తప్పు రాశానని రాసిస్తానన్నాను. రాసిస్తే నా ఉద్యోగం పోతుందని, ఓడ మాత్రం అక్కడే ఉంటుందని చెప్పాడు. బెదిరింపుగా అనలేదు. టైము చెప్పినట్టు చెప్పాడు.

అప్పుడే నాలుగో పొత్తు కుదురుతోంది. డెబ్భై మందిని పంపాలి. కాయితం మళ్ళీ అచ్చుకి వెళ్ళాలి. ఈసారి నేను 'ఎరువిచ్చినాము, పని ముగియగానే తిరిగి తీసుకొందుము' అని మార్చి ఇచ్చాను. అచ్చయి వచ్చాక చూస్తే పాతదే ఉంది. అల్లుడుగారు నా వాక్యం చుట్టూ సున్నా చుట్టి, 'పాతదే బాగుంది' అని మార్జిన్‌లో రాశాడు.

ఒక్క దారి మాత్రం చూపించాడు. సరంగు బదులు ఇంకో మనిషి ఎవరైనా ఇష్టపడి ఆ ఓడ మీద కూర్చుంటే తాను అడ్డు చెప్పనన్నాడు. సర్టిఫికెట్టున్న మనిషి అయ్యుండాలి. టికెట్టు కంపెనీ చూసుకుంటుంది. కాయితం అదే.

కౌంటరు దగ్గరికొచ్చి కూర్చున్నాను. బెంచీల మీద ఇరవై మంది ఉన్నారు. అందరూ నాకు తెలుసు. సరంగు సర్టిఫికెట్టున్న ఐదుగురిని ఒక్కొక్కరినే పిలిచాను. కాయితం చదివి, అర్థం విడమరిచి చెప్పాను. మొదటివాడు తల అడ్డంగా ఊపాడు. రెండోవాడు భార్యనడిగి చెబుతానని మొహం చాటేశాడు. మూడోవాడు పాత నవ్వులమారి. ఇంటి అద్దె లేకుండా, పెళ్ళాం గొడవ లేకుండా సముద్రంలో బంగళా ఇస్తానంటే వద్దంటానా గుమస్తాగారూ, కానీ తలుపు బయటనుంచి గడియ పెడతారట కదా అన్నాడు. నాలుగోవాడు నిన్ను నమ్మినందుకు ఇదా అన్నట్టు చూసి వెళ్ళిపోయాడు. ఐదోవాడు ఆ రోజు రాలేదు.

ఇంటికొచ్చి చెప్పాను. మాది రెండు గదుల అద్దె ఇల్లు, మేడ మీద. ఆవిడ మంచం కిటికీ పక్కన వేశాను.

"చదవకుండా ఇవ్వొచ్చుగా," అంది.

నేను మందు సీసా మూత తీశాను.

"ఆ యాభైమూడు మందికీ అలాగే ఇచ్చారుగా."

"అప్పుడు నాకు తెలీదు."

"ఇప్పుడూ తెలీదనుకోండి."

ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ ఎవరికీ చెడు తలపెట్టగా నేను చూడలేదు. నోట్లో నాలుక లేని మనిషి. ఆ మాట ఆవిడ నోట విని ఉండకూడదు. కానీ విన్నాను. ఇప్పటికీ ఆవిణ్ణి తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది అదే. అందుకు ఎవరిని తిట్టాలో నాకు తెలుసు, తిట్టీ లాభం లేదు.

మర్నాడు ఐదోవాడు వచ్చాడు. ఓడలో బరువులెత్తే వించి నడిపేవాడు, సరంగు సర్టిఫికెట్టు కూడా ఉంది. నెమ్మది మనిషి. హాల్లో అందరూ తాబేలు అనేవాళ్ళు, పిలిస్తే పలికేవాడు కూడా. ఏడాదిగా ఓడ దొరకలేదు. నేను పిలవకముందే కౌంటరు దగ్గరికొచ్చాడు. సంగతి ఎవరో చెప్పారట. మీ బావమరిది ఉన్న ఓడేనా, వెళతానన్నాడు. కాయితం అడిగాడు.

నేను పట్టీ తెరిచి వాడి పేరు రాసుకున్నాను. పైకి ఫోన్ చేసి మనిషి దొరికాడని చెప్పాను. ఎందుకంత తొందరపడ్డానంటే ఆవిడకి టైము లేదు. అల్లుడుగారు అప్పటికప్పుడే ఆ రేవులో ఉన్న మా ఏజెంటుకి కబురు పంపాడు. అంత చురుగ్గా ఆయన పనిచేయడం చూసింది అదే మొదటిసారి.

కాయితం కౌంటరు మీద పెట్టాను. తాబేలు నా కలం తీసుకున్నాడు. సంతకం ఎక్కడని వేలితో వెతికాడు.

"ఆగు. చదివి వినిపిస్తా," అన్నాను.

"మీరు రాసిందేగా గుమస్తాగారూ. చదివేదేముంది."

ఆ మాట అనకపోతే ఏం చేసేవాణ్ణో నాకు తెలియదు. కలం కాయితానికి తాకింది. వాడి పేరులో మొదటి అక్షరం తలకట్టు కూడా పడింది. అప్పుడు వాడి చెయ్యి పట్టుకున్నాను. చదివాను. అర్థం చెప్పాను. ఈ మాటకి తిరిగి రావడం అన్న అర్థం లేదని చెప్పాను. ఎప్పుడు దిగుతానని అడిగాడు. తెలియదన్నాను. మీవాడు ఎన్నాళ్ళుగా ఉన్నాడని అడిగాడు. ఒంటరిగా తొమ్మిది నెలలన్నాను. వాడు మనసులో ఏదో లెక్క చూసుకున్నాడు. వాడికి ఇద్దరాడపిల్లలు. కలానికి మూత పెట్టి, కాయితం మీద అడ్డంగా పెట్టాడు.

"ఏమనుకోకండి," అన్నాడు. "అమ్మగారికి ఎలా ఉంది?"

బాగానే ఉందన్నాను.

ఆ సాయంత్రం ఆవిడకి అబద్ధం చెప్పి ఉండొచ్చు. ఎవరూ రాలేదంటే నమ్మేది. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒకడు వచ్చాడు, చదివి వినిపించాను, వెళ్ళిపోయాడు. అబద్ధాలు రాసి చేసిన పాపం నిజాలు చెప్పి కడుక్కోవచ్చనుకున్నానేమో. ఆవిడ వాడికి పిల్లలున్నారా అని అడిగింది. ఇద్దరన్నాను.

"నాకు వాడొక్కడే," అని గోడవైపు తిరిగింది.

తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. మందు నేనిస్తే పెదవులు బిగించేది. కింద వాటా ఇంటావిడ వచ్చి ఇస్తే మింగేది. ఒళ్ళు ఇంటావిడే తుడిచేది, పక్కబట్టలు ఇంటావిడే మార్చేది. నేను గుమ్మంలో నిలబడేవాణ్ణి. మధ్యలో వచ్చిన రెండు ఆదివారాలూ వాడు ఫోన్ చేశాడు. ఆవిడ చెవి దగ్గర పెట్టాను. 'ఊ' అంది, 'ఊ' అంది. అంతకన్నా ఓపిక లేదు. పదో రోజు, మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటలకి పోయింది. కింద వాటా ఇంటావిడ చెయ్యి పట్టుకుని పోయింది.

నువ్వు చేసింది న్యాయమని తర్వాత చాలామంది అన్నారు. హాల్లోవాళ్ళు అన్నారు, ఇంటావిడ భర్త అన్నాడు. వాళ్ళెవరూ ఆ తొమ్మిది రోజులు ఆ గుమ్మంలో నిలబడలేదు. ఆవిడ నన్ను క్షమించలేదు. నేనూ అడగలేదు.

వాడి ఫోనుకి చేస్తే మోగలేదు. ఛార్జి అయిపోకుండా వారమంతా కట్టేసి ఉంచుకుని ఆదివారం తీస్తాడు. ఏజెంటుకి కబురు పంపమని ఆఫీసులో అడిగాను. పంపామన్నారు. మంగళవారం నుంచి ఆదివారం దాకా, వాడికి అక్క ఉంది, నాకు భార్య లేదు. అన్నీ అయిపోయాయి. ఇల్లు కడిగారు. మంచం కిటికీ పక్కనుంచి తీసేశాను.

ఆదివారం పది గంటలకి ఫోన్ మోగింది. వాడి గొంతులో హుషారు.

"బావా, పెట్టె సర్దేశాను. నా బదులు మనిషి వస్తున్నాడటగా? నీళ్ళ పడవవాడు చెప్పాడు, ఏజెంటు చెప్పాడట. పోయిన వారమే చెబుదామనుకున్నా, అక్కకి తెలిస్తే ఆత్రపడుతుందని ఊరుకున్నా. ఇక చెప్పెయ్యి."

మనిషి దొరికాడన్న మొదటి కబురు అందింది. అక్క పోయిందన్న రెండో కబురు అందలేదు. పంపారో లేదో నాకు తెలియదు.

ఏది ముందు చెప్పాలో తెలియలేదు. ఎవరూ రావడం లేదని చెప్పాను. తాబేలు సంగతి, నేను చదివి వినిపించిన సంగతి చెప్పాను. వాడు విన్నాడు. ఇబ్బందిగా నవ్వాడు.

"వాడు మంచోడు బావా. వాడికెందుకులే ఈ గోల. ఇంకెవరైనా దొరుకుతారు. అక్కకివ్వు ఫోను."

అప్పుడు రెండోది చెప్పాను.

ఫోన్ కట్టయిందేమోనని చెవికి దూరంగా పెట్టి చూశాను. కాలేదు. అటు గాలి హోరు. తర్వాత ఎప్పుడని అడిగాడు. మంగళవారమన్నాను. మంగళవారం తాను పెట్టెకి తాడు కడుతున్నానన్నాడు. పోయేముందు తనని అడిగిందా అన్నాడు. అడిగిందన్నాను. నాతో మాట్లాడలేదన్న సంగతి చెప్పలేదు. అది నాకూ ఆవిడకీ మధ్య ఉన్నది.

"ఇక ఎవర్నీ వెతక్కు బావా," అన్నాడు. "తొందరేముంది ఇక."

మర్నాడు ఆఫీసుకి వెళ్ళాను. నాలుగో పొత్తు మనుషులు హాలు నిండా ఉన్నారు. కాయితాలు కట్టలుగా కౌంటరు మీద ఉన్నాయి. ఒక్కొక్కణ్ణీ పిలిచి, చదివి, అర్థం చెప్పాను. పన్నెండు గంటల లోపల పంతొమ్మిది మందికి చెప్పాను. పద్నాలుగు మంది సంతకం పెట్టకుండా వెళ్ళిపోయారు. ఐదుగురు విని కూడా పెట్టారు. ఇంట్లో గడవడం లేదన్నారు. వాళ్ళకి నేను చెప్పగలిగిందేమీ లేదు.

భోజనం చేసి వచ్చేసరికి నా కుర్చీలో వేరే గుమస్తా ఉన్నాడు. చదువుకున్నవాడు, చొక్కా జేబులో రెండు కలాలు. నన్ను గోడౌనుకి మార్చినట్టు ఒక చీటీ ఇచ్చాడు. పాపం, వాడే లేచి నిలబడి ఇచ్చాడు. హాల్లో వరస చకచకా కదులుతోంది. ఎవరికీ చదివి వినిపించడం లేదు. వెళ్ళిపోయిన పద్నాలుగు మందిలో నలుగురు తిరిగొచ్చి వరస చివర నిలబడి ఉన్నారు. నన్ను చూసి తల దించుకున్నారు. తాబేలు వాళ్ళ వెనకే ఉన్నాడు. వాడు మాత్రం తల దించుకోలేదు. ఈసారి ఓడ వేరేదిలెండి, అన్నాడు.

గోడౌనులో నా పని తాళ్ళూ, లైఫ్ జాకెట్లూ చూసుకోవడం. ఎవరూ దేనికీ నా రాత అడగరు. సాయంత్రం తాళం వేసి ఇంటికొస్తాను. ఒక్కడికే వండుకుంటాను.

ఆదివారం పది గంటలకి వాడు ఫోన్ చేస్తాడు. ఓడ మీద వాడు ఒంటరిగా ఉండబట్టి ఇది పదిహేడో నెల, కోర్టు ఇంకా వాయిదాలే వేస్తోంది. పెద్దగా మాటలేముంటాయి. తిన్నావా అంటే తిన్నావా అనుకుంటాం. పెట్టె తాడు విప్పాడో లేదో వాడు చెప్పలేదు. నేను అడగలేదు.